ఓటీ వద్దన్న మేనేజరు

2015 ఎండాకాలంలో అమెరికా కార్మిక శాఖ జనాన్ని ఒక మాట అడిగింది. జీతం మీద పనిచేసేవాళ్లలో ఎవరికి ఓవర్‌టైమ్ ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అనే నిబంధనలు మార్చబోతున్నాం, మీరేమంటారు అని. జూలై 6 నుంచి సెప్టెంబరు 4 దాకా గడువు పెట్టారు. 2,70,000 పైచిలుకు అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. వ్యాపారులు వద్దన్నారు, ఉద్యోగులు కావాలన్నారు. ఎవరి కడుపు వాళ్లు చూసుకున్నారు, అందులో తప్పేముంది. ఆ కుప్పలో ఒక ఉద్యోగి మాత్రం నాకు ఓటీ ఇవ్వొద్దు మహాప్రభో అని మంచి ఇంగ్లీషులో రెండు పేజీలు రాసుకున్నాడు. వాడు నేనే.

నన్నెవరూ బలవంతపెట్టలేదు, అది ముందే చెప్పాలి. డాలస్‌కి ఉత్తరాన ఒక ఇండియన్ గ్రోసరీ షాపులో అసిస్టెంట్ మేనేజర్ని అప్పట్లో. మా ఓనరు వ్యాపారస్తులు తమలో తాము పంచుకుంటున్న నమూనా ఉత్తరం ఒకటి పట్టుకొచ్చి, "అన్నయ్యా, మీ ఇంగ్లీషు బావుంటుంది కదా, ఓసారి చూసిపెట్టండి" అన్నాడు. ఆయన ఉత్తరం దిద్దిచ్చి ఊరుకుంటే సరిపోయేది. గుంటూరులో ఏళ్ల తరబడి ఒక పొగాకు కంపెనీ ఉత్తర ప్రత్యుత్తరాలు చూసిన చెయ్యి కదా, దురద పుట్టింది. ఆ రాత్రి ఇంటికెళ్లి నా పేరు మీద విడిగా ఇంకోటి రాశాను. గంటలు లెక్కపెట్టుకుని పనిచేయడం మాలాంటి బాధ్యత గల నిర్వాహకుల స్థాయికి తగదనీ, నిబంధన మారితే మా గౌరవానికి భంగమనీ దాని సారాంశం. కింద నా పేరు ఒక లైను, నా హోదా రెండు లైన్లు పట్టాయి.

ఆ హోదా నాకెలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మమ్మల్ని అమెరికా రప్పించడానికి మా అక్క వేసిన పిటిషన్ పండేసరికి నాకు చెవుల దగ్గర నెరవడం మొదలైంది. 2012లో వచ్చాం. నా బీకాం, నా అనుభవం ఇక్కడ ఎవరికీ అక్కర్లేదని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. తెలిసినవాళ్ల ద్వారా ఈ షాపులో కౌంటర్ దగ్గర చేరాను, గంటల లెక్కన. మా ఆవిడ స్కూలు క్యాంటీన్లో చేరింది, అదీ గంటల లెక్కనే. ఆవిడకి దాని గురించి ఏ బాధా లేదు. నాకే, రెండు వారాలకోసారి చెక్కు మీద గంటలు అచ్చేసి ఉండటం చూస్తే ఎక్కడో పొడిచినట్టుండేది.

ఎందుకో కూడా తెలుసు. మా నాన్న గుంటూరులో జూట్ మిల్లు కార్మికుడు. ఇంట్లో మొట్టమొదట విన్న ఇంగ్లీషు అక్షరాలు ఏబీసీడీలు కావు, ఓటీ. "ఈ నెల ఓటీ పడింది" అంటే ఆదివారం కోడికూర. "ఓటీ లేదు" అంటే స్కూలు ఫీజుకి మా అమ్మ పక్కింటికి వెళ్లడం. ఆ ఓటీ కూడా ఉత్తినే వచ్చేది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకి తొమ్మిది గంటలో, వారానికి నలభై ఎనిమిది గంటలో దాటితే మామూలు రేటుకి రెండింతలు. మా నాన్నకి సెక్షన్ నంబరు తెలియదు గానీ రెండింతలన్నది మాత్రం కంఠతా వచ్చు. స్లిప్పు మీద పావుగంట తేడా వచ్చినా టైమాఫీసు కిటికీ దగ్గర నిలబడి సరిచేయించుకుని గానీ కదిలేవాడు కాదు. నేనొకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి ఆ గొడవ చూశాను. నా క్లాసులో స్నేహితుల నాన్నలు బ్యాంకులో, ఎల్ఐసీలో ఆఫీసర్లు. పదింటికి వెళ్లి అయిదున్నరకి వచ్చేవాళ్లు. వాళ్లెవరూ కిటికీ దగ్గర నిలబడి పావుగంట కోసం అరిచేవాళ్లు కాదు. సిగ్గుతో క్యారేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కిచ్చి వచ్చేశాను.

అందుకే 2014లో ఓనరు పిలిచి, "ఇకనుంచి మీరు అవర్లీ కాదన్నయ్యా, శాలరీడ్. వారానికి 650. అసిస్టెంట్ స్టోర్ మేనేజర్" అన్నప్పుడు వారానికి ఎన్ని గంటలని అడగాలని కూడా తోచలేదు. విజిటింగ్ కార్డులు కొట్టించాడు. అందులో పది గుంటూరు పంపాను, పెళ్లిళ్లలో పంచుకోవడానికి పనికొస్తాయని. నాన్నకి ఫోన్ చేశాను.

"మేనేజరంటే మరి ఓటీ ఎంతిస్తార్రా?"

"మేనేజర్లకి ఓటీ ఉండదు నాన్నా."

"అట్టాగా. అయితే టయానికి ఇంటికొచ్చేస్తావన్నమాట."

ఆయన వెటకారమాడలేదు. ఆయనకి తెలిసిన లోకంలో ఓటీ లేదంటే కూత వేయగానే ఇంటికెళ్లడమే. నేను మాత్రం పెద్దాయనకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకుని మాట మార్చాను.

ఇప్పుడు ఆ నిబంధనల సంగతి. అప్పట్లో నేను తెలుసుకోవలసినవి, తెలుసుకోనివి. 1938 జూన్ 25న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఆయన కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్, అమెరికా కేబినెట్లో మొదటి మహిళ, దానికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టింది. కనీస వేతనం అందులోంచే వచ్చింది. వారానికి ఇన్ని గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్నదీ అందులోదే. మొదట 44 గంటలన్నారు, 1940కి 40కి దించారు. అయితే నిజంగా పెత్తనం చేసేవాళ్లకి, సంస్థ నడిపే పరిపాలనలో ఉన్నవాళ్లకి, పెద్ద చదువుల వృత్తులవాళ్లకి ఈ ఓటీ వర్తించదన్నారు. వాళ్లకి బేరమాడుకునే సత్తా ఉంటుందని, వాళ్ల పనిని గంటల్లో కొలవలేమని.

మరి వాడు నిజంగా పెత్తనం చేసేవాడా, పేరుకేనా అని తేల్చేదెలా? దానికి మూడు గీతలు గీశారు. జీతం స్థిరంగా రావాలి, గంటలు తగ్గాయని కోయకూడదు. ఆ జీతం ఒక మొత్తానికి తగ్గకూడదు. చేసే ముఖ్యమైన పని నిర్వహణే అయ్యుండాలి. మూడూ ఉంటేనే ఓటీ ఎగ్గొట్టొచ్చు. హోదా పేరేమిటన్నది లెక్కలోకి రాదని నిబంధనల్లోనే స్పష్టంగా రాసుంది. అంటే నేను గుంటూరు పంపిన కార్డుల్లోని అక్షరాలకి చట్టం దృష్టిలో అణా విలువ లేదు.

రెండో గీత ఉందే, ఆ జీతం మొత్తం, దాని చుట్టూతానే గొడవంతా. 1938లో వారానికి 30 డాలర్లు. 1975 తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు దాన్నెవరూ ముట్టుకోలేదు. 2004లో 455 చేశారు, ఏడాదికి 23,660. అంటే ఏడాదికి పాతికవేలు తెచ్చుకునే వాణ్ణి మేనేజరని పిలిచి ఎన్ని గంటలైనా పనిచేయించుకోవచ్చని చాలా కొట్లలో అర్థం చేసుకున్నారు. 2014 మార్చిలో ఒబామా ఈ నిబంధనల్ని తిరగేయమని కార్మిక శాఖకి పురమాయించాడు. అదే ఆ 2015 ప్రతిపాదన. 2016 మేలో తుది నిబంధన వచ్చింది. వారానికి 913, ఏడాదికి 47,476. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు. 42 లక్షల మందికి కొత్తగా ఓటీ హక్కు వస్తుందని ప్రభుత్వం అంచనా. ఏడాదికి 33,800 తెచ్చుకుంటున్న నేను ఆ 42 లక్షల్లో నిక్షేపంగా ఉన్నాను.

అక్టోబరులో ఓనరు నన్ను వెనక స్టోరు రూములోకి పిలిచాడు, సోనా మసూరి బస్తాల మధ్యకి. ఆయన దుర్మార్గుడు కాదు, నాకంటే ఎక్కువ గంటలు ఆయనే పనిచేసేవాడు. "అన్నయ్యా, డిసెంబరు నుంచి రూలు మారుతోంది. మీకు 47 వేలు ఇచ్చే స్తోమత నాకు లేదు. మళ్లీ అవర్లీ చేసేస్తాను. పంచ్ కొట్టండి, నలభై దాటితే ఒకటిన్నర" అన్నాడు.

చట్ట ప్రకారం ఆయన చేయాల్సింది అదే. తలూపి వచ్చేయాల్సింది. నేను బతిమాలాను. "తమ్ముడూ, ఇన్నేళ్ల తర్వాత నన్ను మళ్లీ కౌంటర్లో పిల్లలతో కలిపేస్తావా? ఊళ్లో నలుగురికీ ఏమని చెప్పుకోను?" కళ్లనీళ్లొక్కటే తక్కువ. ఆయనకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. "నాదేముందన్నయ్యా, గవర్నమెంటు" అని బస్తాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

నవంబరు 22న, థాంక్స్‌గివింగ్ ఇంకో రెండు రోజులుందనగా, టెక్సస్ తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టులో జడ్జి ఎమోస్ మజాంట్ ఆ నిబంధనని దేశమంతటా నిలిపేశాడు. ఆ జడ్జిని నియమించింది ఒబామాయే. కేసు వేసిన రాష్ట్రాలు ఇరవై ఒకటి, వాటికి తోడు మన ప్లానో చాంబర్ ఆఫ్ కామర్స్ ముందు వరసలో ఉంది. "మన" అని ఎందుకన్నానంటే ఆ రోజు నేను అలాగే అన్నాను. మా స్వీట్ల కౌంటర్లోంచి రెండు కిలోల మైసూర్‌పాక్ నా డబ్బుతో కొని, వచ్చినవాళ్లందరికీ పంచాను. సంగతేమిటని అడిగిన కస్టమర్లకి కోర్టు కేసు గెలిచామని చెప్పాను. ఎవరి కేసు, ఎవరు గెలిచారు, ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేవాణ్ణి కాదు.

నా ఉద్యోగం ఎలా ఉండేదంటే, తెల్లవారుతుండగా కూరగాయల ట్రక్కు వస్తుంది. ములక్కాడల పెట్టెలు దింపడం, బెండకాయల్లో ముదురువి ఏరడం, గోంగూర కట్టల్లో కుళ్లినవి తీసి నీళ్లు చల్లడం, కరివేపాకు చిన్న సంచుల్లో సర్దడం, అన్నీ తెరిచేలోపు అయిపోవాలి. తర్వాత బియ్యం బస్తాలు పేర్చడం. వరలక్ష్మీ వ్రతం ముందు వారమైతే తమలపాకులు, అరిటాకులు, కొబ్బరికాయలు, పూలు. మధ్యాహ్నం కౌంటర్లో ఎవరో ఒకరు రారు, అక్కడ నిలబడాలి. రాత్రి క్యాష్ లెక్క, షట్టర్. వారానికి అరవై గంటలు మామూలు, పండగలొస్తే డెబ్బై.

నిర్వహణ అనదగ్గది ఏం చేశానని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. ఎవరినైనా ఉద్యోగంలో పెట్టానా? లేదు. తీశానా? ఆ ప్రశ్నే నవ్వొస్తుంది. డేట్ అయిపోబోతున్న నెయ్యి డబ్బా మీద ఒక డాలరు తగ్గించాలన్నా ఓనరుకి ఫోన్ చేయాల్సిందే. సొంతంగా తీసుకున్న పెద్ద నిర్ణయం ఒక్కటే గుర్తుంది. కరివేపాకు బుట్టని తలుపు దగ్గరనుంచి కూలర్ పక్కకి మార్చాను. ఆయనే రెండో రోజు మళ్లీ తలుపు దగ్గర పెట్టించాడు.

ఇంకో విచిత్రం. మా అబ్బాయి స్కూల్లో ఏదైనా కార్యక్రమం ఉండి సగం పూట ముందు వెళ్తే, ఓనరు ఆ సగం పూట జీతం కోసేవాడు. స్థిరమైన జీతం తీసుకునేవాడికి అలా గంటలకి కోయడమే పెద్ద తప్పు. అలా కోయడం అలవాటుగా సాగితే ఓటీ ఎగ్గొట్టే హక్కే పోవచ్చు. గంటలు పెరిగితే నేను శాలరీడ్, తగ్గితే అవర్లీ. ఇది నాకు అన్యాయంగా కనపడకపోగా, "పాపం, సగం పూటే కదా కోశాడు" అనుకున్నాను.

పిలుపులో కూడా ఒక చిక్కుంది. అన్నయ్య, వదిన, తమ్ముడు అని పిలుచుకునే చోట గంటలు లెక్కపెట్టడానికి నోరు రాదు. ఆదివారం రాత్రి ఫోన్ వస్తుంది, "అన్నయ్యా, ట్రక్కొచ్చింది, ఒక్క పది నిమిషాలు." మేనేజరుకి ఓనరు చేసిన ఫోన్ అయితే పోనీ పొద్దున్న చూద్దామనొచ్చు. అన్నకి తమ్ముడు చేసిన ఫోన్‌కి ఏమనగలం? ఆ పది నిమిషాలు పన్నెండింటికి గానీ అయ్యేవి కావు.

మా ఆవిడ మాత్రం రాసుకునేది. ఏటా షాపు వాళ్లం పంచిపెట్టే తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, తిథి, వర్జ్యం, రాహుకాలం అచ్చేసినది, మా వంటింట్లో అది వేలాడేది. ప్రతి రోజు గడిలో, దుర్ముహూర్తం పక్కన, నేను ఇల్లు వదిలిన టైము, ఇల్లు చేరిన టైము బాల్ పెన్నుతో వేసేది. ఎందుకే అంటే, "పాలు పోయించుకున్నవాళ్లు రాసుకోరూ?" అనేది. అప్పుడు అదొక చాదస్తమనుకున్నాను.

ఈలోగా ప్రభుత్వం మారింది, 2019లో మళ్లీ కొత్త నిబంధన. ఈసారి 913 కాదు, వారానికి 684. ఏడాదికి 35,568. 2020 జనవరి 1 నుంచి అమలు. ఇది నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ జనవరిలో ఓనరు నా భుజం మీద చెయ్యేసి, "ఈ ఏడాదినుంచి మీకు 36 వేలన్నయ్యా" అనడమే. నా కష్టాన్ని గుర్తించాడని పొంగిపోయాను. ఫ్రిస్కో హనుమాన్ గుడిలో వడమాల వేయించాను. అక్కకి, బావకి, గుంటూరులో అందరికీ ఫోన్లు చేసి పెర్ఫార్మెన్స్ బావుందని పెంచారని చెప్పాను. నా పెర్ఫార్మెన్స్ గీతకి సరిగ్గా 432 డాలర్లు పైన ఉందని తెలియడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

రెండు నెలలకి కరోనా వచ్చింది. ఊరంతా మూతపడితే గ్రోసరీలు మాత్రం తెరిచుండాలి. ఉప్పు, పప్పు, గోధుమపిండి కోసం తెరవకముందే పార్కింగ్ లాట్ నిండిపోయేది. మాస్కులో ఊపిరాడక, బస్తాలు మోసి మోసి నడుం పట్టుకుపోయింది. మా కౌంటర్లో నిజామాబాద్ అమ్మాయి ఒకావిడ ఉండేది, అవర్లీ. ఏప్రిల్లో ఒకసారి ఇద్దరి చెక్కులూ పక్కపక్కనే బల్ల మీద పడ్డాయి. చూడకూడదు గానీ చూశాను. ఆవిడది నాకంటే బాగా ఎక్కువ, ఓటీ కలిసి. ఆవిడ మొహమాటపడి, "సార్, ఇది ఓటీ వల్ల" అంది. నేను పెద్దరికంగా నవ్వి, "పర్లేదమ్మా, మా మేనేజ్‌మెంట్ వాళ్లకి అవేం ఉండవు" అన్నాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ రాత్రిళ్లు దుప్పటి మొహం మీదకి లాక్కోవాలనిపిస్తుంది.

2021 వేసవికి ముందు నడుం నొప్పి భరించలేక మానేశాను. ఓనరు శాలువా కప్పాడు.

కళ్లు తెరుచుకున్నది 2023 ఫిబ్రవరిలో. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు రిగ్గు మీద పనిచేసే ఒకాయన, ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటి సంపాదించినాయన, నాకు ఓటీ రావాలని కేసు వేస్తే సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఆయనకి రోజుకింత అని ఇస్తున్నారు, అది స్థిరమైన వారపు జీతం కింద రాదు, కాబట్టి ఎంత సంపాదించినా ఓటీ ఇవ్వాల్సిందేనని. రెండు లక్షలవాడికి ఓటీ ఏమిటని నవ్వుకుంటూ చదవడం మొదలెట్టి, నిబంధనల్లోకి వెళ్లి, మూడు గీతల దగ్గర ఆగాను. రెండో గీత పెరుగుతుందా తగ్గుతుందా అని నేను ఉత్తరాలు రాసి, మైసూర్‌పాక్ పంచుతున్నంత కాలం, మూడో గీత దగ్గరే నా కేసు తేలిపోయి ఉండాల్సింది. 455 ఉన్నా, 913 ఉన్నా, గోంగూర ఏరేవాడు గోంగూర ఏరేవాడే. అలాగని అంత సులువూ కాదు. సరుకు సర్దుతూనే, బిల్లు కొడుతూనే మేనేజరుగా ఉండొచ్చని, ముఖ్యమైన బాధ్యత నిర్వహణ అయితే చాలని నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది. కొట్లలో పనిచేసే మాలాంటి వాళ్ల కేసులు చాలావరకు ఆ వాక్యం దగ్గరే కొట్టుకుంటాయి. నాకు మాత్రం ఆ వాక్యం కూడా అడ్డు వచ్చేలా లేదు. నిర్వహించింది కరివేపాకు బుట్టనే కదా, అదీ ఒక్క రోజు.

ఆ ఏడాదే ముగ్గురు ప్రొఫెసర్ల పరిశోధన ఒకటి చదివాను. జీతం సరిగ్గా ఆ గీత దాటిన చోట మేనేజరు పేర్లు 485 శాతం ఎక్కువగా కనపడుతున్నాయట. తివాచీలు కడిగేవాణ్ణి కార్పెట్ షాంపూ మేనేజరని పిలిచిన కొట్లున్నాయట. ఆ పేరు చదివి నవ్వబోయి, పాత విజిటింగ్ కార్డులు గుర్తొచ్చి ఊరుకున్నాను.

లెక్క వేశాను. పాత జీతం 650ని 40తో భాగిస్తే 16.25, దానికి ఒకటిన్నర 24.37, వారానికి ఇరవై గంటలు అదనం కాబట్టి 487 డాలర్లు. ఏడాదికి పాతికవేల పైన. గుండె ఆగినంత పనైంది. తర్వాత డాలస్‌లో ఒక లాయరు, మొదటిసారి మాట్లాడితే ఫీజు తీసుకోనాయన, గాలి తీసేశాడు. ఆ 650 అరవై గంటలకీ కలిపి ఇచ్చినదని కోర్టు అనుకుంటే, అరవైతో భాగిస్తారట, 10.83. అదనపు గంటకి అందులో సగమే ఇంకా బాకీ. వారానికి 108. టెక్సస్ వైపు కోర్టులు ఈ లెక్కకి ఒప్పుకున్న సందర్భాలున్నాయట. ఎక్కువ పనిచేయించిన కొద్దీ గంట రేటు తగ్గిపోయే లెక్క ఇది. మా నాన్న టైమాఫీసు కిటికీ దగ్గర దీన్ని ఒప్పుకుని ఉండేవాడు కాదు.

"గంటలకి రుజువుందా?" అన్నాడు లాయరు. యజమాని లెక్కలు రాయకపోతే ఉద్యోగి దగ్గరున్న ఆధారాలతో సబబైన అంచనా చూపినా చాలని 1946లోనే సుప్రీంకోర్టు చెప్పిందట, మిషిగన్‌లో ఒక కుండల కార్ఖానా కేసులో. నేను గర్వంగా క్యాలెండర్ల సంగతి చెప్పాను. ఆయన మొహం వెలిగింది. "మామూలుగా రెండేళ్లు వెనక్కి వెళ్లొచ్చు. తెలిసీ ఎగ్గొట్టారని నిరూపిస్తే మూడేళ్లు. అంటే మీకు కావాల్సింది 2020వి, 2021వి. పట్టుకురండి."

ఇంటికొచ్చి చూస్తే 2017, 2018, 2019 క్యాలెండర్లు మా ఆవిడ వంటింటి అరల్లో పప్పు డబ్బాల కింద పరిచి ఉంచింది. కాస్త నూనె మరకలు, కాస్త పసుపు, గడుల్లో టైములు మాత్రం ఇంకా చక్కగా కనపడుతున్నాయి. 2020ది లేదు. ఆ డిసెంబరు 31న, కరోనా ఏడాది క్యాలెండరు ఇంట్లో ఉంటే అరిష్టమని నేనే తీసుకెళ్లి చెత్తలో పడేశాను. మా ఆవిడ వద్దంటే కసురుకున్నాను కూడా. 2021ది ఉంది గానీ అందులో నేను పనిచేసిన నెలలు నాలుగే.

అయినా మూడేళ్ల దారి కొంచెం మిగిలే ఉంది. సెల్‌ఫోన్ రికార్డులు, షట్టర్ అలారం రికార్డులు పనికొస్తాయన్నాడు లాయరు. ఆలోచించి చెప్తానన్నాను. ఆ వారమే ఓనరు కూతురి ఓణీల ఫంక్షన్ పిలుపొచ్చింది. "అన్నయ్యా, వదినా మీరు లేకుండా ఎలా?" అని దంపతులిద్దరూ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచారు. వెళ్లాం. పట్టుచీర, వెండి కుంచం చదివించాం. లాయరుకి మళ్లీ ఫోన్ చేయలేదు.

ఇప్పుడొక గిడ్డంగిలో పనిచేస్తున్నాను, గంటల లెక్కన. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పంచ్ కొడతాను. నలభై దాటితే ఒకటిన్నర చెక్కు మీద విడిగా అచ్చవుతుంది. 2024లో కథ మళ్లీ మొదటికొచ్చింది. జూలై 1 నుంచి ఏడాదికి 43,888, 2025 జనవరి నుంచి 58,656 అన్నారు. నవంబరు 15న అదే తూర్పు జిల్లా కోర్టులో, ఈసారి ప్లానోలో, జడ్జి షాన్ జోర్డన్ మొత్తం కొట్టేశాడు. మళ్లీ 684కి వచ్చి కూర్చున్నాం. చాంబర్ వాళ్లు ఈసారీ ఉన్నారు. మైసూర్‌పాక్ ఎవరు పంచారో నాకు తెలియదు.

మా మేనల్లుడు సాఫ్ట్‌వేరు. వాడికి ఈ గొడవే లేదట, ప్రోగ్రామర్లకి వేరే గీత ఉంది. గంటకి 27.63 డాలర్లకి తగ్గకపోతే, గంటల లెక్కన ఇచ్చినా ఒకటిన్నర ఇవ్వనక్కర్లేదు. ఆ 27.63ని 1996లో చట్టంలో రాసేశారు, ఇప్పటికీ అంతే. హెల్ప్ డెస్క్ పనికి సాధారణంగా ఆ మినహాయింపు రాదు. ఆ సంగతి ఎంతమంది మన పిల్లలకి తెలుసో. మొన్న వాడు ఫోన్ చేసి, "మామయ్యా, నన్ను లీడ్ చేశారు!" అన్నాడు. "శుభం. నీ కింద ఎంతమంది, వాళ్లని నువ్వు తీసేయగలవా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అత్తయ్యకి ఇవ్వు ఫోన్" అన్నాడు.

ఇంత చదివాక నాకు బుద్ధొచ్చిందనుకుంటున్నారేమో. పోయిన మే నెలలో పాత ఓనరు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బంగినపల్లి పెట్టెలు ఫ్లయిట్ దిగాయి, ముందే బుక్ చేసుకున్నవాళ్లు తలుపు విరగ్గొట్టేలా ఉన్నారు. మీరొచ్చి నిలబడితే చాలు." లాభం కోసం నడిచే షాపులో ఊరికే సాయం చేయడమనేదే ఆ 1938 చట్టంలో కుదరదు, చేసిన ప్రతి గంటకీ డబ్బివ్వాల్సిందే. ఆ సెక్షన్లు నాకు నోటికొచ్చు. అయినా పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చాను. వస్తుంటే ఒక పెట్టె చేతిలో పెట్టాడు, వదినకివ్వమని.

మా ఆవిడ పెట్టె మీద స్టిక్కరు చూసింది, 39.99. గోడ మీది క్యాలెండరు చూసింది. ఆ రోజు గడిలో టైములు అప్పటికే వేసి ఉన్నాయి.

"ఎనిమిది గంటలకి నలభై. గంటకి అయిదు. కనీస వేతనం ఏడుంపావు కదండీ ఇక్కడ?"

"పళ్లు బావున్నాయి, కొయ్యి" అన్నాను.